చక్రసౌందర్యము

మోటారుకారు పుట్టిన తొలిదినములలో దాని చక్రము తఱచు గుఱ్ఱపుబండి చక్రమునకు తోబుట్టువే. మన పల్లెలలో ఆకులని పిలుచు కఱ్ఱలే అందును నాభినుండి నేమివఱకు వ్యాపించి బరువును మోయుచుండెను. వేగము హెచ్చినకొలది చక్రముయొక్క స్వీయభారమే శత్రువైనది. కారు దేహము స్ప్రింగులపై నిలుచును గాని చక్రమున కా యాధారము లేదు. అది యెంత బరువైన, గుంటలో పడినప్పు డంత మొండిగా ఎగిరి, నేలను విడిచి, చోదకుని వశము తప్పును. అందుచేతనే సైకిలునుండి తీగచక్రము కార్లకు సంక్రమించినది. తేలికయు, చూపున కింపును గల యా చక్రమునకు తీగలు బిగించుటయు, సందులలోని బురద తుడుచుటయు నిత్యకృత్యములు.

అందమును, అదుపును, శక్తిపొదుపును ఒక్క లోహపుపోతలో సాధింపబూనిన యత్నములలో నా మనస్సును మిక్కిలి హరించినది అల్సేస్ సీమలోని మోల్‌షైము కర్మశాలది. ఆ కర్మశాలాధిపతి ఎత్తోరె బుగాట్టి. ఆయన తండ్రి కార్లో గృహోపకరణముల రూపశిల్పి. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల కంచుప్రతిమలకు ప్రసిద్ధుడైన శిల్పి. అట్టి యింట పెరిగిన యెత్తోరె, 1924 ఆగస్టులో లియాన్ పందెమునకు దెచ్చిన 35వ రకపు కార్లకు, చదునైన ఎనిమిది ఆకులు గల అల్యూమినియపు పోతచక్రములను అమర్చెను. బ్రేకుడ్రమ్మును చక్రముతో నేకముగా పోతపోయించుటచే చక్ర మూడదీయగనే బ్రేకు లోపలిభాగములు కంటబడును. రాపిడివేడియు త్వరగా చల్లారును. ఆ యాకులలో పని లేనిది యొక్కటియు లేదు. నేటికిని వానిని జూచువారు శిల్పమును జూచినట్లే నిలిచిపోవుదురు. ఆనాటి పందెములో మాత్రము టైర్ల పైపొర లూడి జయము చేజారెను. పిమ్మట 1925 మొదలు 1929 వఱకు సిసిలీ కొండదారులలోని టార్గా ఫ్లోరియో పందెమును, అయిదేండ్లు వరుసగా, బుగాట్టి కార్లే గెలిచినవి.

ఇక టైరు మాట. 1845లో తామ్సన్ అనునతడు గాలిటైరునకు పేటెంటు పొందినను లోకము దానిని మఱచెను. 1888లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై మరల దానిని కల్పించెను. తొలి టైర్లు లేతరంగువి. కార్బనుమసి కలిపిన రబ్బరు మన్నునని తెలిసినపిమ్మట నల్లనైనవి. అయినను తెలుపుపై మమకారము చావక, ప్రక్కభాగమున తెల్లపట్టీ గల టైర్లను అమెరికాలో శోభకై ముచ్చటపడి కొనిరి.

అసలైన పరివర్తనము 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ టైరుతో వచ్చినది. పూర్వపు టైర్లలో నూలుపొరలు ఏటవాలుగా ఒండొంటిని దాటుచుండుటచే, ప్రక్క వంగినప్పుడెల్ల నేలతాకు భాగమును నలిగి, ఇంజనుశక్తి వ్యర్థమైన వేడిగా మారుచుండెను. కొత్త టైరులో పోగులు అంచునుండి అంచునకు అడ్డముగా సాగును. పైపొర క్రింద ఉక్కుతీగల పట్టీ యుండును. ప్రక్కలు స్వేచ్ఛగా వంగుచున్నను అడుగుభాగము నేలను చదునుగా పట్టియుండుటచే మలుపులలో పట్టు హెచ్చెను, అరుగుదలయు ఇంధనవ్యయమును తగ్గెను. అయితే కారు నిలుపుచోట స్టీరింగు త్రిప్పుట బరువైనది. చూపునకు మాత్రము ఈ రేడియల్ టైరు నేలతాకినచోట ప్రక్క లుబ్బి, గాలి చాలని టైరువలె నుండెను. ఆ యుబ్బు టైరు తన పని తాను చేయుచున్న గుర్తు.