పాత పికప్ పొగకు పగ్గం

2025తో పికప్ ట్రక్కుకు నూరేళ్లు నిండాయి. 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి బండి వెనక ఇనుప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతకుముందు అమెరికా రైతులు కారు కొనుక్కుని, వెనకభాగం కోసి, చెక్కతొట్టి సొంతంగా చేయించుకునేవారు. అదే కంపెనీ 1975 మోడల్‌గా దించిన ఎఫ్-150కీ ఈ లెక్కన యాభై నిండాయి. ఈ పుట్టినరోజుల సందర్భంగా అందరూ హార్స్‌పవర్ గురించి, మోసిన బరువుల గురించి రాశారు. నా మనసు మాత్రం బానెట్ కింద ఇంజిన్ చుట్టూ అల్లుకుపోయిన సన్నని రబ్బరు గొట్టాల మీద ఉంది. పొగను పట్టి ఆపడానికి మనిషి చేసిన ప్రయత్నమంతా వాటిలోనే ఉంది. ఆ పాత బండ్లకు వచ్చే జబ్బుల్లో సగం వాటి నుంచే వస్తాయి.

పొగ మీద ఫిర్యాదు చాలా పాతది. 1661లో జాన్ ఎవెలిన్ లండన్ బొగ్గుపొగ గురించి ‘ఫ్యూమిఫ్యూజియం’ అనే చిన్న పుస్తకం రాసి రెండో చార్లెస్ రాజుకు సమర్పించాడు. రాజు విన్నాడు, లండన్ మాత్రం బొగ్గు కాలుస్తూనే ఉంది. తర్వాతి రెండు శతాబ్దాలు ఫ్యాక్టరీ గొట్టాలవే. 1876లో నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ తయారైంది, 1886లో కార్ల్ బెంజ్ దాని సాయంతో బండిని రోడ్డెక్కించాడు. 1921 డిసెంబరులో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజిన్ నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. ఆ సీసం అర్ధశతాబ్దానికి పైగా ప్రపంచమంతటా పిల్లల రక్తంలోకి చేరింది.

1943 జులైలో లాస్‌ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు కమ్మింది. యుద్ధకాలం కావడంతో జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమోనని జనం హడలిపోయారు. తర్వాత నేరం ఒక కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని ఆపినా పొగ పోలేదు. జవాబు చెప్పినవాడు కాల్‌టెక్‌లో పనిచేసే డచ్ జాతీయుడు ఏరీ హాగెన్-స్మిట్. ఆయన అప్పటిదాకా అనాసపండు వాసనలో ఏయే రసాయనాలున్నాయో పరిశోధిస్తున్నాడు. బండ్ల నుంచి వచ్చే కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల ఆరంభంలో ఆయన తేల్చాడు. ఆ ఓజోన్‌కి టైర్ల రబ్బరు పగుళ్లు తీస్తుందనీ చూపించాడు. ఆటోమొబైల్ కంపెనీలు చాలాకాలం ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఒక్కో నియమానికీ ఒక్కో పరికరం పుట్టింది. 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో, క్రాంక్‌కేసులోని ఆవిరిని బయటికి వదలకుండా మళ్లీ ఇంజిన్‌లోకే పంపే పీసీవీ వాల్వు వచ్చింది. 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన క్లీన్ ఎయిర్ చట్టం, కొత్త కార్ల పొగలోని ముఖ్యమైన విషాలను తొంభై శాతం తగ్గించాలంది. పెట్రోలు ట్యాంకు ఆవిరిని పీల్చే బొగ్గు డబ్బా వచ్చింది. 1973 ప్రాంతంలో, కాలిన పొగలో కొంత తిరిగి సిలిండర్లోకి పంపే ఈజీఆర్ వాల్వు వచ్చింది. మంట వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయన్నది దాని సూత్రం. 1975 మోడళ్లకు ప్లాటినం పూత వేసిన క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. సీసం తగిలితే అది చచ్చిపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కావాల్సివచ్చింది. పెట్రోలులో సీసాన్ని తరిమిన మేలులో పెద్ద వాటా నిజానికి ఈ కన్వర్టర్‌దే.

ఎఫ్-150 పుట్టింది సరిగ్గా ఆ ఏడాదే. కన్వర్టర్ నియమం మొత్తం బరువు 6,000 పౌండ్ల లోపున్న బండ్లకే వర్తించేది. ఫోర్డ్ తన కొత్త బండి మొత్తం బరువును 6,050 పౌండ్లుగా నమోదు చేసింది. ఇంట్లోకి తెచ్చుకునే ఒక బియ్యం బస్తా కన్నా తక్కువ తేడాతో ఆ బండి చట్టం పట్టు నుంచి జారిపోయింది. దానికి కన్వర్టర్ అక్కర్లేదు, సీసం పెట్రోలే పోసుకోవచ్చు. ఆ తప్పించుకోవడం నాకు నచ్చదు. 1979 మోడల్ సంవత్సరం నుంచి ప్రభుత్వం పరిమితిని 8,500 పౌండ్లకు పెంచి ఆ సందు మూసింది. అలా పికప్‌లూ కార్ల బాటనే పట్టాయి. బానెట్ కింద గొట్టాలు పెరిగాయి, మెకానిక్కుల విసుగూ పెరిగింది. కోపంతో ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే పంపు పీకేసి, గొట్టాలకు బిరడాలు కొట్టి బండిని తిప్పినవాళ్లు అప్పట్లో లెక్కలేనంతమంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. 1980లలో ఫోర్డ్ తన బండ్లకు ఈఈసీ-4 అనే కంప్యూటరును పెట్టింది. దాని చేతిలో పడిన ఇంజిన్లలో నాకు ముద్దొచ్చేది 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, అంటే 4.9 లీటర్లది. 1965 నుంచి 1996 దాకా తయారైన ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను చైన్ కాదు, పళ్లచక్రాలే తిప్పుతాయి. ఏడు మెయిన్ బేరింగులు. బరువు లాగడానికే పుట్టిన ఇంజిన్ అది. 1987లో దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇచ్చారు. డాష్‌బోర్డులో ‘చెక్ ఇంజిన్’ లైటు వెలిగితే, కారణం చెప్పించుకోవడానికి ఖరీదైన స్కానరు అక్కర్లేదు. చిన్న వైరు ముక్క చాలు.

బానెట్ ఎత్తితే ఆరు గళ్ల ప్లాస్టిక్ కనెక్టరు ఒకటి, దాని పక్కనే ఒంటరిగా ఒక వైరు కొస కనిపిస్తాయి. ఆ రెంటినీ వైరు ముక్కతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయాలి. లైటు మిణుకుమనడం మొదలవుతుంది. రెండుసార్లు వెలిగి, ఆగి, మూడుసార్లు వెలిగితే 23. లైటు లేని పాత బండ్లకు ముల్లు మీటరు పెట్టి, ముల్లు ఊగిన ఊపులు లెక్కపెట్టేవారు. అంతా బాగుంటే 11. కంప్యూటరు ముందు ఇప్పుడున్న లోపాలు చెప్పి, ఒక విడి మిణుకుతో గీత గీసి, ఆ తర్వాత దారిలో ఎప్పుడో తగిలి మాయమైన లోపాలను జ్ఞాపకం నుంచి తీసి చెబుతుంది.

తర్వాత ఇంజిన్ వేడెక్కించి, నడుస్తుండగా మళ్లీ పరీక్ష. మొదట మూడు మిణుకులు వస్తాయి. అది తప్పు కాదు, పరిచయం: సిలిండర్ల సంఖ్యలో సగం. నాలుగు సిలిండర్లకు రెండు, ఎనిమిదింటికి నాలుగు. కొన్ని మోడళ్లలో అప్పుడు బ్రేకు తొక్కి, స్టీరింగ్ తిప్పాలి. మధ్యలో ఒక మిణుకు రాగానే యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదలాలి. బండి అడుగుతుంది, మనిషి చేస్తాడు, బండి జవాబిస్తుంది. పల్లె గ్యారేజీలో పనిచేసేవాడికీ అందుబాటులో ఉండేలా దీన్ని రూపొందించిన ఇంజినీర్లను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

అయితే వచ్చిన అంకెను ఎలా చదవాలన్నదే అసలు విద్య. 33 వచ్చిందనుకోండి. ఈజీఆర్ వాల్వు తెరుచుకోవడం లేదని దాని అర్థం. వెంటనే కొత్త వాల్వు కొనేవాళ్లే ఎక్కువ. అనుభవమున్న మెకానిక్ చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు తెచ్చి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా వాల్వుకు నేరుగా పట్టిస్తాడు. ఇంజిన్ తడబడి ఆగిపోబోతే వాల్వు, దాని దారులు బాగున్నట్టే. లోపం వాక్యూమ్ గొట్టంలోనో, దాన్ని నియంత్రించే సోలనాయిడ్‌లోనో ఉంది. పంపు ముల్లు నిలవకుండా పడిపోతే లోపలి పొర చిరిగింది. ముల్లు నిలిచి, వాల్వు కదిలి, అయినా ఇంజిన్‌లో చలనం లేకపోతే దారి మసితో పూడుకుపోయింది. అప్పుడు కావలసింది కొత్త వాల్వు కాదు, గీకి శుభ్రం చేయడం. మసి బెడ్డ ఒకటి వాల్వు కింద ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోకపోతే ఇంకో బాధ: ఐడ్లింగ్‌లో బండి గజగజ ఊగుతుంది.

41 అంకె ఇంకా మోసం చేస్తుంది. ఆక్సిజన్ సెన్సరు ‘పెట్రోలు తక్కువైంది’ అంటోందని దాని అర్థం. సెన్సరు మారుస్తారు, మళ్లీ 41 వస్తుంది. కారణం ఎక్కడో దూరాన ఉంటుంది. ఈ బండికి బెల్టుతో తిరిగే గాలిపంపు ఒకటి ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది తాజా గాలిని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి కొట్టి, కాలకుండా వచ్చిన పెట్రోలును అక్కడే కాలుస్తుంది. వేడెక్కాక ఆ గాలి కిందికి, కన్వర్టర్‌లోకి మళ్లాలి. మళ్లించేది వాక్యూమ్‌తో నడిచే వాల్వు. అది పైదారిలోనే బిగుసుకుంటే గాలి సెన్సరు ముందు పడుతూనే ఉంటుంది. సెన్సరుకు ఆక్సిజన్ ఎక్కువ కనబడుతుంది, కంప్యూటరు పెట్రోలు సరిపోలేదనుకుని ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, పొగ వాసన వస్తుంది, కన్వర్టర్ కాగిపోతుంది. సెన్సరుకు ముందు ఎగ్జాస్ట్ లీకు ఉన్నా ఇదే అబద్ధపు కబురు. అందుకే 41తో పాటు గాలిపంపు అంకెలైన 44, 45, 46లో ఏదైనా కనబడితే ముందు వాటి వెంట వెళ్లాలి.

వాటి వెంట వెళ్తే చాలాసార్లు రబ్బరు దగ్గరే తేలతాం. ఇంజిన్ వేడికి ఎండి పెళుసైన గొట్టం, కొస చీలిన మోచేతి కనెక్టరు, తుప్పుకి చిల్లు పడిన వాక్యూమ్ డబ్బా. కాఫీపొడి డబ్బాలా కనిపించే ఆ డబ్బాను అనుమానించేవాళ్లు తక్కువ. గాలిపంపు గొట్టం మాడి కరిగిందంటే, పొగ వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పాడైందని అర్థం. దాన్ని వదిలేసి గొట్టం ఒక్కటే మారిస్తే కొత్తదీ మాడుతుంది. ఏ గొట్టం ఎటు వెళ్లాలో బానెట్ కింద అంటించిన స్టిక్కరు మీద బొమ్మ వేసి ఉంటుంది. పాత పికప్ కొనేవాళ్లు పెయింటు కన్నా ముందు ఆ స్టిక్కరు ఉందో లేదో చూడాలని నా అభిప్రాయం.

1990ల ఆరంభంలో ఆ అంకెలు మూడేసి అయ్యాయి. 11 బదులు 111. 1996 నుంచి అమెరికాలో అన్ని కార్లకు, తేలికపాటి ట్రక్కులకు ఓబీడీ-2 అనే ఉమ్మడి పద్ధతి తప్పనిసరైంది. అన్ని కంపెనీలకూ ఒకే కనెక్టరు, ఒకే కోడ్ భాష. ఆరు సిలిండర్ల పాత ఇంజిన్ ఆ ఏడాదితోనే సెలవు తీసుకుంది.

అక్కడినుంచి కథ ఒక వరసలో నడవదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల సాఫ్ట్‌వేరే పరీక్షను మోసం చేస్తోందని బయటపడింది. అలాంటి కార్లు ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షలు. 2020కి ముందటి పదేళ్లలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల పొగ నియంత్రణ పరికరాలను పీకేశారని అమెరికా పర్యావరణ సంస్థ 2020 నవంబరులో లెక్కకట్టింది. మరోపక్క కన్వర్టర్‌లోని ప్లాటినం, పలేడియం, రోడియం కోసం దొంగలు బండి కింద దూరి దాన్ని కోసుకుపోతున్నారు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందటి పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. చట్టం తప్పించుకోవడానికి పుట్టిన తొలి ఏడాది ఎఫ్-150 ఇవాళ్టికీ తప్పించుకునే తిరుగుతోంది. టెక్సాస్‌లో డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో ఉండే మన తెలుగువాళ్లకు పొగ పరీక్ష తెలిసిందే.

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ వచ్చింది. 2000 ఫిబ్రవరికి సీసం పెట్రోలు దేశమంతటా పోయింది. బీఎస్-4 పొగ ప్రమాణం హైదరాబాద్‌కు 2010లో వస్తే దేశమంతటికీ చేరడానికి 2017 పట్టింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-5ను దాటేసి ఏకంగా బీఎస్-6లోకి దూకాం. మన పికప్‌లు ఎక్కువగా డీజిల్‌వి. వాటిలోనూ అదే ఈజీఆర్, అదే మసి. లైటు వెలగ్గానే ఒక రేకు ముక్క అడ్డంపెట్టి దారి మూసేయడం, ‘ఇక పికప్ చూడండి’ అనడం చాలా గ్యారేజీల్లో మామూలైపోయింది. మూసేస్తే నల్లపొగ కొంత తగ్గుతుంది, కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్ బండికి పొగ నలుపునే కొలుస్తారు. ఆక్సైడ్లను కొలవరు. అంటే రేకు ముక్క పెట్టిన బండి సులువుగా పాసవుతుంది.

ఆ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లనూ చేర్చాలి. అది ప్రభుత్వం చేయాల్సిన పని. బండి ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది: ఈసారి లైటు వెలిగితే మెకానిక్‌ను ముందు కోడ్ నంబరు అడగండి, దాన్ని కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాత గొట్టాలన్నీ ఒక్కొక్కటీ తడిమి చూడమనండి. మసి ఉంటే గీకించండి. రేకు ముక్క మాత్రం వద్దనండి.