కిడ్నీ ముక్కలో కనబడే లివర్ జబ్బు

తలుపు మూసి లైట్ తీసేశాను. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. ఇదుగో, మైక్రోస్కోప్ ముందు ఈ స్టూల్ మీద కూర్చోండి.

స్లైడ్ మీద మూడు ముక్కలున్నాయి. ఎలుక లివర్, కిడ్నీ, పొట్ట. పొద్దున ఒకావిడ సీరాన్ని 1:40గా పలచన చేసి వీటి మీద వేసి, అరగంట తడి పెట్టెలో ఉంచి కడిగాం. అతుక్కున్న యాంటీబాడీ కడిగినా పోదు. దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీకి ఫ్లోరెసిన్ తగిలించి వేశాం. నీలికాంతి పడితే అది పచ్చగా వెలుగుతుంది.

ఆవిడకు నలభై దాటాయి. ఏడాదిలో రెండుసార్లు కామెర్లు. మొదటిసారి ఊళ్లో ఆకుపసరు తాగితే తగ్గిందన్నారు. కొన్నాళ్లు తనంతట తానే అణిగి మళ్లీ లేవడం మేం అనుమానిస్తున్న ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు మామూలే. హెపటైటిస్ బి, సి లేవు. మందు తాగే అలవాటు లేదు. రక్తంలో ఐజీజీ యాంటీబాడీలు మాత్రం ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు.

ఇప్పుడు కిడ్నీ చూడండి. రక్తనాళం గోడ పచ్చటి ఉంగరంలా ఉంది కదూ? పక్కన గుండ్రటి గ్లోమెరులస్‌లో సన్నటి దారాలు, ట్యూబుల్స్ చుట్టూ పీచుల్లాంటి గీతలు. నాళాలొక్కటే వెలిగితే నేనింత నమ్మను, వైరల్ హెపటైటిస్‌లోనూ అలా వెలుగుతాయి. మూడూ కలిసి వెలిగితే స్మూత్ మజిల్ యాంటీబాడీ (ఎస్‌ఎంఏ), అదీ ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో ఉండే రకం.

ట్యూబుల్స్ లోపల చూడండి, చీకటిగా ఉన్నాయి. అక్కడా వెలుగుంటే కథ మారిపోయేది. దగ్గరి ట్యూబుల్స్, లివర్ కణాలు వెలిగితే ఎల్‌కేఎం అనే ఇంకో యాంటీబాడీ, ఎక్కువగా పిల్లల్లో కనబడేది. దూరపు ట్యూబుల్స్, పొట్టలో పెరైటల్ కణాలు వెలిగితే మైటోకాండ్రియా యాంటీబాడీ, అంటే పిత్తనాళాల జబ్బు. దాని వైద్యమే వేరు. కొత్తలో ఒక పాప స్లైడ్‌లో ఎల్‌కేఎంని మైటోకాండ్రియా అని రాయబోయాను. పొట్ట ముక్క చూశావా అని మా సీనియర్ అడగబట్టి ఆగాను. ఆ రోజు నుంచి మూడు ముక్కలూ చూడనిదే పెన్ను పట్టను.

ఇక చాలు, కళ్లు పక్కకు తీయండి. కాంతి పడేకొద్దీ వెలుగు చచ్చిపోతుంది.

సీరాన్ని ఇంకా పలచన చేసి వేసిన 1:80, 1:160 స్లైడ్లూ వెలిగాయి. 1:320లోనూ పలచగా ఉంది. అయినా రిపోర్ట్‌లో ‘పాజిటివ్’ అన్న ఒక్క మాట రాసి ఊరుకోను. నలతేమీ లేనివాళ్లలోనూ కొందరికి 1:40లో వెలుగుతుంది. ఈ జబ్బున్నా అసలు వెలగనివాళ్లూ ఉన్నారు. ఈ జబ్బును తేల్చడానికి 2008లో వచ్చిన సులువైన స్కోర్ మొత్తం 8. అందులో యాంటీబాడీ ఎంత వెలిగినా 2కి మించి ఇవ్వరు. వైరస్ లేనందుకు 2, ఐజీజీకి 2. ఈవిడకు 6 వచ్చాయి. అంటే ‘బహుశా’. ఖాయంగా చెప్పాలంటే 7 రావాలి. దానికి ఆవిడ లివర్ ముక్కే చూడాలి.

వార్డుకు ఫోన్ కలిపాను.

“ఎస్‌ఎంఏ 1:320, డాక్టరుగారూ. నాళాలు, గ్లోమెరులై, ట్యూబుల్స్ చుట్టూ, మూడూ వెలిగాయి.”

“రేపే బయాప్సీ చేద్దాం మేడమ్. అందులోనూ అదే వస్తే ప్రెడ్నిసొలోన్ మొదలుపెడతా.”

“ఇంట్లోవాళ్లు మళ్లీ పసరు తెచ్చారట. తాగించొద్దని మీరొకసారి చెప్పండి.”