థైరాయిడ్ మాత్ర: నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఎప్పుడు వేసుకోవాలి? గడియారం కాదు.. కడుపు చూసుకోవాలి!

హార్మోన్ రీప్లేస్‌మెంట్ అనగానే ఖరీదైన ఇంజెక్షన్లు, పెద్దాస్పత్రి గుర్తొస్తాయి. కానీ ఎన్నో ఇళ్లలో రోజూ పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర కూడా అదే వైద్యం. ఒంట్లో తయారుకాని థైరాక్సిన్ హార్మోన్‌ను లెవోథైరాక్సిన్ మాత్ర రూపంలో బయటి నుంచి ఇస్తారు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5,376 మందిపై చేసిన సర్వే 2013లో వచ్చింది. అందులో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం తేలింది.

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్ లాంటి సింగరేణి ఊళ్లలో దీనికో చిక్కుంది. ఓ వారం ఫస్ట్ షిఫ్ట్, ఇంకో వారం నైట్ షిఫ్ట్. "పొద్దున లేవగానే వేసుకోండి" అని డాక్టర్ చీటీలో రాస్తారు. రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చినోళ్లకు పొద్దున అంటే పడుకునే టైమ్. దారిలో చాయ్, ఇంటికొచ్చి టిఫిన్, తర్వాత నిద్ర.. మాత్ర సంగతి గుర్తుండదు. పైగా నీరసం, మత్తు, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం అన్నీ డ్యూటీ ఖాతాలోనే పోతాయి. మందు అందక వచ్చిన మత్తును షిఫ్టు అలసట అనుకోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. మిషన్ల మధ్య పనిచేసేవాళ్లకు మరీనూ!

మరి ఎప్పుడు వేసుకోవాలి?

కడుపు ఖాళీగా ఉండటమే లెక్క. నైట్ షిఫ్ట్ దిగాక చాయ్ కంటే ముందే నీళ్లతో మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి టిఫిన్ చేయొచ్చు. లేదంటే తిన్న 3 గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో 90 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. పొద్దున కంటే పడుకునే ముందు వేసుకున్నప్పుడే టీఎస్‌హెచ్ మెరుగ్గా ఉందని అందులో తేలింది. టైమ్ మార్చే ముందు డాక్టర్‌కు ఓ మాట చెప్పాలి.

ఒకరోజు మర్చిపోతే కంగారక్కర్లేదు. ఈ మందు సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. వారాల తరబడి మానేస్తేనే ముప్పు. కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండెపై భారం పడుతుంది.

ఐరన్, కాల్షియం మాత్రలకు దీనికి 4 గంటల గ్యాప్ ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లు ఆ విషయం డాక్టర్‌కు చెప్పాలి. డోసు మారితే 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోవాలి, అంతకంటే ముందు చేయిస్తే రిపోర్టు సరిగా తెలీదు. వేడికి ఈ మందు పాడవుతుంది. బొగ్గుబాయి ఊళ్ల ఎండాకాలం సంగతి తెలిసిందేగా! బండి డిక్కీలో, వంటింటి పొయ్యి పక్కన పెట్టొద్దు.

బరువు తగ్గుతామని పక్కింటోళ్ల మాత్ర వేసుకునేవాళ్లూ ఉన్నారు. జబ్బు లేకుండా వాడితే గుండెదడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి.

ఈ వైద్యం కొత్తదేం కాదు. 1891లో ఇంగ్లండ్ డాక్టర్ జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని ఓ మహిళకు ఎక్కించారు. ఆమె మరో 28 ఏళ్లు బతికారు.

మందు వాడుతున్న ఆడవాళ్లు గర్భం అని తెలియగానే డాక్టర్‌ను కలవాలి, తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. అప్పుడు చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది, ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం.