నిజామాబాదు, బోధన్: చూడవలసిన చరిత్ర

భారతదేశంలో చూడదగిన నగరాలేవని అడిగితే ఢిల్లీ, ఆగ్రా, లక్నో, హైదరాబాదు, బీజాపూరు, బీదరు పేర్లు వెంటనే నోటికి వస్తాయి. ముస్లిముల చరిత్రను తెలుసుకోగోరేవారు కూడా సామాన్యంగా ఆ జాబితాను దాటి వెళ్ళరు. గుమ్మటాలు, మినార్లు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడే వారసత్వం ఉన్నదనే అభిప్రాయం ఇందుకు ఒక కారణం. ఆ లెక్కన చూస్తే తెలంగాణలోని నిజామాబాదు గాని, దాని పొరుగున ఉన్న బోధన్ గాని ఎవరి జాబితాలోనూ చేరవు. కాని వారసత్వమంటే కట్టడాలే కాదు. ఒక ప్రాంతపు ప్రజల పనితనం, వారు తెచ్చుకున్న నీరు, పండించిన పంట కూడా అందులో భాగమే. అలా చూచినప్పుడు ఈ రెండు ఊళ్ళ నడుమ గల పాతిక కిలోమీటర్ల దారి చాలా పెద్ద దారి అవుతుంది. ఆ దారిలో కనిపించే ఒక విచిత్రం కూడా ఆలోచింపదగినది. రాతితో కట్టినది వెయ్యేళ్ళుగా నిలిచి ఉన్నది. పనితనంతో, సమష్టి శ్రమతో నిలబడవలసినవి మాత్రం ఒకటొకటిగా కనుమరుగయ్యాయి.

నిజామాబాదు అసలు పేరు ఇందూరు. రాష్ట్రకూట రాజైన ఇంద్రుని పేర ఆ పేరు వచ్చిందని చెబుతారు. హైదరాబాదు – గోదావరి లోయ రైలు మార్గం 1899–1901 మధ్య ఇటుగా మన్మాడు వరకు సాగింది. రైలు వచ్చిన కొద్ది కాలానికే, 1905 ప్రాంతంలో, ఇందూరు జిల్లా నిజామాబాదు జిల్లాగా స్థిరపడింది. అయినా పాత పేరు చావలేదు. పల్లెల్లోని పెద్దలు నేటికీ ‘ఇందూరు పోయొస్తా’ననే అంటారు.

పట్టణానికి అంచున ఉన్న గుట్టపై ఖిల్లా ఉన్నది. రాష్ట్రకూటుల నాటిదని చెప్పే ఈ కోట తరువాత ఎందరో పాలకుల చేతులు మారింది. అసఫ్‌జాహీల కాలంలో బురుజులు, గోడలు ఇప్పటి రూపం దాల్చాయి. గుట్టమీద రామాలయం ఉన్నది. నిజాం ప్రభుత్వం ఇక్కడే జైలు కూడా నడిపింది. 1940వ దశకం చివర నిజాం పాలనను ఎదిరించి జైలు పాలైన దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఇక్కడ బందీలుగా ఉన్నారు. కాగితం, కలం లేనిచోట దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాసిన సంగతి తెలుగువారికి బాగా తెలిసినదే. అంతగా ప్రచారం పొందని సంగతి మరొకటి ఉన్నది. నవాబుపై నిప్పులు కురిపించిన ఆ కవే తరువాత మీర్జా గాలిబ్ గజళ్ళను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేశాడు. ఒక పాలకునిపై ఆగ్రహానికీ, ఒక భాషపై ప్రేమకూ ఆయన మనసులో పేచీ రాలేదు. ఉర్దూ, తెలుగు రెండూ ఇంటి భాషలైన ఈ పట్టణానికి ఖిల్లా జైలు గోడ ఈ కారణంగా కూడా చూడదగినదే.

నిజామాబాదు నుండి హైదరాబాదు వైపు వెళ్ళే దారిలో ఇందల్వాయి వస్తుంది. ఈనాడు బస్సులు ఆగి సాగిపోయే చిన్న ఊరు. 1667 ప్రాంతంలో ఔరంగాబాదు నుండి గోల్కొండకు ఈ దారినే ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఇక్కడ తయారయ్యే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతటా అమ్ముడుపోతాయనీ, ఇనుము దగ్గరి కొండల్లోనే దొరుకుతుందనీ రాశాడు. మొగలు రాజ్యానికీ, గోల్కొండ రాజ్యానికీ నడుమ వర్తకులూ సైన్యాలూ నడిచే బాట మీద ఆయుధాల కొలుములు వెలిగాయన్నమాట.

ఇంతకన్నా గొప్ప కొలుములు జిల్లా తూర్పు భాగాన కోనసముద్రంలో ఉండేవి. మధ్యాసియా, పారశీక, అరబ్బు దేశాలలో ‘దమస్కసు కత్తి’గా పేరు మోసిన ఖడ్గాలకు కావలసిన ఉక్కు ముద్దలు దక్షిణ భారతంలో తయారయ్యేవని అందరూ ఎరుగుదురు. ఆ ఉక్కు తయారైన ఊళ్ళలో కోనసముద్రం ముఖ్యమైనది. రెండు చోట్ల నుండి తెచ్చిన ఇనుమును పాళ్ళు చూసి కలిపి, మట్టి మూసలో పెట్టి, గంటల తరబడి కొలిమిలో కాచి, నెమ్మదిగా చల్లార్చేవారు. 1820ల నాటికి కూడా ఈ పని జోరుగానే సాగుతూ ఉండేది. ఆ రోజుల్లో ఆ ఊరిని చూసిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞునికి అక్కడ ఇస్ఫహాన్ నుండి ఉక్కు కోసం వచ్చిన ఒక పారశీక వర్తకుడు తారసపడ్డాడు. తమ దేశంలో ఇటువంటి ఉక్కు చేయాలని ప్రయత్నించి సాధించలేకపోయామని ఆ వర్తకుడు ఒప్పుకున్నాడు. సముద్రాలు, ఎడారులు దాటి ఒక తెలంగాణ పల్లెకు వచ్చి కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్న ఆ వర్తకుని తలచుకుంటే, ఇస్లామీయ ప్రపంచపు చరిత్ర బాగ్దాదు, కైరోలలోనే జరగలేదని తెలుస్తుంది. ఇస్ఫహాన్ యోధుని ఒరలోని కత్తిలో ఒక తెలుగు కమ్మరి చేయి ఉన్నది. ఆ చేతి పేరు ఎవరూ రాసి పెట్టలేదు. విదేశీ కర్మాగారాల ఉక్కు చౌకగా దిగుమతి అయిన తరువాత ఆ విద్య అంతరించింది. మిగిలినవి చిట్టెపు రాళ్ళే.

బోధన్ మరీ పాతది. బౌద్ధ గ్రంథాలు చెప్పే పదహారు మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోతన, లేదా పోదన, ఈ బోధనేనని పలువురు చరిత్రకారులు నిర్ణయించారు. జైనులకు కూడా ఇది పవిత్ర నామం. బాహుబలి విగ్రహం పోదనపురంలో ఉన్నదని విని, అక్కడికి చేరడం సాధ్యం కాక, చాముండరాయడు పదో శతాబ్దం చివర శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని మలిపించాడని వారి కథనం. రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యుల శాసనాలలోనూ బోధన్ ఉన్నది. ఆ వంశపు తొలి రాజు ఇక్కడ నూనె నింపిన కోనేటిలో ఏనుగులకు స్నానం చేయించాడని అవి పొగుడుతాయి. శాసనకవుల అతిశయోక్తిని కొంత తీసివేసినా ఊరి సిరిసంపదలు ఎలాంటివో ఊహించుకోవచ్చును.

బోధన్ చూడవచ్చినవారు తప్పక చూడవలసినది దేవల్ మసీదు. పేరులోనే దేవళమూ, మసీదూ రెండూ ఉన్నాయి. రాష్ట్రకూట ఇంద్రుని కాలంలో నిర్మించినదని భావించే ఈ ఆలయం నక్షత్రాకారపు పునాది మీద నిలిచింది. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కిన రాజకుమారుడు, ఓరుగల్లుపై దండెత్తి వచ్చినప్పుడు ఈ ప్రాంతం సుల్తానుల వశమైంది. ఆలయం మసీదుగా మారింది. కట్టడంలో చేసిన మార్పులు చాలా తక్కువ. గర్భాలయం తొలగించి మింబరు అమర్చారు. స్తంభాల వరుస, నక్షత్రపు అంచులు అలాగే ఉన్నాయి. కొన్ని స్తంభాలపై కూర్చున్న తీర్థంకరుల ఆకృతులు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే గోడల్లో తుగ్లక్ కాలపు పారశీక శాసనాలూ ఉన్నాయి.

ఈ కట్టడం ముందు నిలబడిన ముస్లిం పాఠకునికి కొంత ఇబ్బంది కలగడం సహజమే. యుద్ధంలో గెలిచిన రాజు తన అధికారానికి గుర్తుగా ఓడినవారి ఆరాధనాస్థలాన్ని మార్చివేశాడు. ఆ రోజుల రాజనీతి అటువంటిదని చెప్పవచ్చును గాని, జరగలేదని చెప్పడానికి వీలు లేదు. ఈ విషయంలో హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ చూపిన దారి ఆదర్శప్రాయమైనది. 1914లో ఏర్పడిన ఆ శాఖకు డైరెక్టరుగా పనిచేసిన గులాం యజ్దానీ అజంతా చిత్రాలను గ్రంథస్థం చేసిన మహా విద్వాంసుడు. ఆయన సంపాదకత్వంలో వెలువడిన ముస్లిం శాసనాల పత్రిక 1919–20 సంచికలో బోధన్ శాసనాలు ప్రచురితమయ్యాయి. శాసనంలోని తుగ్లక్ మాటనూ, స్తంభం మీది తీర్థంకరునీ ఒకే కన్నుతో చూసిన పాండిత్యమది. ముస్లిం పాలకుని కొలువులోని ముస్లిం పండితుడు ఆ మసీదు ఒకప్పటి దేవాలయమని దాచిపెట్టలేదు. దాచవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. ఒక పద్నాలుగో శతాబ్దపు రాకుమారుని పనికి నేటి బోధన్‌లో బీడీలు చుట్టే ముస్లిం స్త్రీని జవాబుదారు చేసేవారు కూడా యజ్దానీ దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

బోధన్ నుండి వర్ని వైపు వెళితే జలాల్‌పూర్ వద్ద బడాపహాడ్ కనిపిస్తుంది. గుట్టపై హజ్రత్ సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉన్నది. ఇక్కడ మొక్కులు తీర్చుకొని కందూరు చేసేవారిలో హిందువులు చాలామంది. దర్గాల వద్ద జరిగే ఆచారాలను గురించి విద్వాంసులలో భేదాభిప్రాయాలు లేకపోలేదు. ఆ చర్చకు ఇది చోటు కాదు.

ఈ ప్రాంతపు రూపురేఖలను పూర్తిగా మార్చివేసినది కోటా కాదు, మసీదూ కాదు. అది మంజీరా నీరు. కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నదిపై అచ్చంపేట వద్ద 1923లో నిజాంసాగర్ పని మొదలై 1931లో ముగిసింది. సుమారు మూడు కిలోమీటర్ల రాతి ఆనకట్ట. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, హైదరాబాదు రాజ్యపు చీఫ్ ఇంజనీరు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చిన ఈ తెలంగాణ బిడ్డ జన్మదినమైన జూలై 11ను నేడు రాష్ట్ర ప్రభుత్వం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నది. ప్రధాన కాలువ మీది అలీసాగర్ ఆయన పేరును గుర్తు చేస్తుంది. విహారానికి వచ్చేవారు అక్కడి తోటను, గుట్టమీది బంగళాను చూసి తిరిగిపోతారు. అసలు చూడవలసినది కాలువ. 2,75,000 ఎకరాలకు నీరందించాలన్నది ప్రాజెక్టు లక్ష్యం. వాననే నమ్ముకున్న జొన్న చేలు వరి మళ్ళయ్యాయి. కోస్తా జిల్లాల నుండి రైతులు వలస వచ్చి భూములు కొని సాగు చేశారు. వారు గుడారాలు వేసుకున్న చోట్లు ఊళ్ళయి, పేరు చివర ‘క్యాంపు’ అనే మాటతో నేటికీ నిలిచి ఉన్నాయి. నమాజు చదివిన ఇంజనీరు గీసిన కాలువ మొదట ఎవరి పొలానికి పోవాలన్నది వాలు నిర్ణయించింది, మతం కాదు.

నీరు వచ్చాక చెరకు వచ్చింది. చెరకు కొట్టిన తరువాత ఆలస్యమైతే తీపి తగ్గుతుంది. కనుక మిల్లు చేను పక్కనే ఉండాలి. ఆ లెక్కతోనే 1937లో బోధన్ శివారున నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. రాజ్యంలో పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి 1929లో ఏర్పడిన పారిశ్రామిక నిధి దానికి ఊపిరి పోసింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఒక కాలంలో ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా దీన్ని చెప్పుకునేవారు. క్రషింగ్ రోజుల్లో చెరకు బండ్లు బారులు తీరేవి. బాయిలరు దగ్గర, తూకం దగ్గర, లెక్కల గదిలో ఉర్దూ, తెలుగు, మరాఠీ కలిసి వినబడేవి. హైదరాబాదు రాజ్యం పోయినా మిల్లు ప్రభుత్వరంగ సంస్థగా సాగింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. కార్మికులు రోడ్డున పడ్డారు. చెరకు వేసిన రైతులు వరికి, సోయాకు మళ్ళారు.

నిజాంసాగర్ కూడా మొదటి నిజాంసాగర్ కాదు. 29 టి.ఎం.సి.లకు పైబడిన నిల్వ పూడిక వల్ల బాగా తగ్గింది, గేట్ల ఎత్తు పెంచినా 18 టి.ఎం.సి.ల లోపే ఉన్నది. ఎగువన 1980లలో సింగూరు కట్టి మంజీరా నీటిని హైదరాబాదు దాహానికి మళ్ళించారు. ఆయకట్టు చివరి పొలాలకు ఇప్పుడు గోదావరి నీటిని ఎత్తిపోయవలసి వచ్చింది.

దేవల్ మసీదు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. ఒక స్తంభం కదిలితే అడిగే చట్టం ఉన్నది. కోనసముద్రం కొలిమిని అడిగినవారు లేరు. శక్కర్‌నగర్ యంత్రాలను ఏ శాఖా వారసత్వమని రాసుకోలేదు. ఖిల్లా, దేవల్ మసీదు చూడడానికి ఒక పూట చాలు. మిగిలిన పూట నిజాంసాగర్ ఆనకట్ట మీద నడిచి, తిరిగి వచ్చేటప్పుడు శక్కర్‌నగర్ గేటు దగ్గర కొంతసేపు ఆగడం మంచిది. అక్కడ పనిచేసి రిటైరైన కార్మికులు చాలామంది ఇంకా బోధన్‌లోనే ఉన్నారు. పాకం ఏ రంగుకు తిరిగితే గింజ కడుతుందో వారికి ఇంకా గుర్తున్నది.