పక్షవాతం తర్వాత బుర్రకు పెట్టే పరీక్ష

పక్షవాతం వచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది "చెయ్యి లేస్తోందా? అడుగులేస్తున్నాడా?" అనే. చిల్లర లెక్క తప్పుతున్నాడా, పళ్ళెంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తున్నాడా అని ఎవరూ అడగరు. నడక వచ్చేసినా ఇవి మిగిలిపోతాయి. ఇంట్లో వండిపెట్టేవాళ్ళకే ముందు తెలుస్తాయి.

వీటిని కొలిచే పరీక్షలకు ఒక చరిత్ర ఉంది. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల చిన్న పరీక్ష తయారుచేశారు. తేదీ చెప్పాలి, మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి, వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి. వేలిముద్ర వేసే మనిషి వాక్యం ఏం రాస్తాడు? ఆ మార్కు పోయింది జబ్బు వల్ల కాదు కదా! హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం దీన్నే చదువురాని పెద్దల కోసం హిందీలో మార్చి 1995లో ప్రకటించింది. తీసివేతల బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నారు. నాకు ఎంత నచ్చిందో!

తెలుగు విషయానికొస్తే, హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం కేంబ్రిడ్జిలో పుట్టిన 100 మార్కుల 'ఆడెన్‌బ్రూక్స్' పరీక్షను మన భాషకు మలిచింది. మాటకు మాట పెడితే సరిపోదండీ. అందులో 'పి' అక్షరంతో మాటలు చెప్పమంటారు. మరి మనకు 'ప' అంటే పాలు, పిల్లి, పూలు కూడా లెక్కేనా? అక్కడి వీధి చిరునామా గుర్తుపెట్టుకోమంటే మా నడిగూడెం పెద్దవాళ్ళకు నోరే తిరగదు. ప్రశ్నలు కుదిరాక, అదే వయసు, అదే చదువు ఉన్న ఆరోగ్యవంతులకు ఎన్ని వస్తాయో చూడాలి. తక్కెడ కొన్నవాడు ముందు తెలిసిన రాయితో తూచి చూసుకున్నట్టు.

ఆ కొలతతోనే 2016లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. నిమ్స్‌లో మెదడుకు రక్తం ఆగి పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, రెండు భాషలు వచ్చినవాళ్ళలో 40.5 శాతం మందికి బుర్ర బాగానే ఉంది. ఒకే భాష వాళ్ళలో 19.6 శాతమే. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. మా మామయ్యగారికి తెలుగుతో పాటు ఉర్దూ వచ్చు. అప్పట్లో మునగాల పరగణా కృష్ణా జిల్లాది, చుట్టూ నైజాం. సంతకెళ్ళినా రెండో భాష చెవిన పడాల్సిందే. ఆ పరగణా దివానే కొమర్రాజు లక్ష్మణరావుగారు. శాస్త్రం తెలుగులో ఉండాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినాయన. ఈ పరీక్షలు చూస్తే ఆయన సంతోషించేవారనుకుంటాను.

పక్షవాతానికి ఇంకో చిక్కుంది. నోరు పెగలని మనిషికి నోటి పరీక్ష, కుడిచెయ్యి పడిపోయిన మనిషికి బొమ్మ గీసే పరీక్ష పెడితే సున్నాయే వస్తుంది. అందుకే 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో నెలె దెమేయెరె వాళ్ళు వేరే పరీక్ష తెచ్చారు. చాలా జవాబులు వేలితో చూపిస్తే చాలు. ఒకవైపు చూపు ఆననివాళ్ళ కోసం బొమ్మలు కాగితం మధ్యలో, ఒకదాని కింద ఒకటి పేరుస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పరీక్ష పెడుతుంటే ఎంతవరకు చదివారో, ఏ భాషలు వచ్చో ముందే చెప్పండి. కళ్ళజోడు, వినికిడి మిషను మర్చిపోకుండా వెంట తీసుకెళ్ళండి.