ఆక్రమణ చేపల వ్యాప్తి: నిపుణుల అంచనా పద్ధతి

పరాయి చేప జాతి కొత్త జలాశయంలో స్థిరపడి, విస్తరించి, స్థానిక జాతులను దెబ్బతీసే అవకాశాన్ని క్షేత్ర గణాంకాలు చాలనిచోట మత్స్య శాస్త్రజ్ఞుల అనుభవజ్ఞానంతో లెక్కగట్టే విధానం ఇది. కలుపు మొక్కల కోసం ఆస్ట్రేలియాలో రూపొందిన ప్రశ్నావళిని మంచినీటి చేపలకు అన్వయించగా ‘ఫిస్క్’ ఏర్పడింది. దాని తర్వాతి రూపంగా 2016లో వెలువడిన ‘ఏఎస్-ఐఎస్‌కే’లో 55 ప్రశ్నలుంటాయి, చివరి ఆరు వాతావరణ మార్పుకు సంబంధించినవి. ప్రతి జవాబుకూ నిపుణుడు తన నమ్మకపు స్థాయిని తెలపాలి. పద్ధతికి విలువ తెచ్చేది ప్రధానంగా ఈ నియమమే. డెల్ఫీ అనే మరో విధానంలోనైతే నిపుణులు పేర్లు వెల్లడికాకుండా విడివిడిగా అంచనా వేసి, ఇతరుల జవాబులు చూశాక సవరించుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఇలాంటి అంచనాకు కీలకం నీటి మార్గాలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మపై విజయనగర కాలపు కంభం చెరువు ఉంది. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. వెలిగొండ పథకంలో శ్రీశైలం జలాశయపు కృష్ణా నీటిని సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా మార్కాపురం వైపు, నల్లమలసాగర్ జలాశయానికి మళ్లిస్తారు. నదీ పరీవాహక ప్రాంతాలను కలిపే ఇలాంటి మళ్లింపుల్లో గుడ్లు, చేపపిల్లలు నీటితోపాటు ప్రయాణించగలవు.

1952లో శ్రీలంక నుంచి భారత్‌కు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా త్వరగా గుడ్లు పెట్టి, పిల్లలను నోట్లో కాపాడుతుంది. నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలి పీల్చి, ఎండుతున్న చెరువులోనూ బతుకుతుంది. వర్షాభావ ప్రాంతంలో ఈ గుణాలు ప్రమాదపు అంచనాను పెంచుతాయి.