చెక్క సైడింగ్ వేసే ముందు గోడకు వాన రక్షణ: అమెరికా, కెనడాలో ఇల్లు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో ఫోన్ చేసి "గోడ లోపల చెక్క కుళ్లిపోయిందట" అంటే ఇక్కడి పెద్దవాళ్లకు వెంటనే అర్థం కాదు. మన దగ్గర గోడ అంటే ఇటుక, సిమెంటు. చెమ్మ పడితే ప్లాస్టరింగ్ ఊడుతుంది, మేస్త్రీని పిలిచి మళ్లీ వేయిస్తాం. అక్కడ చాలా ఇళ్లకు గోడ అంటే చెక్క ఫ్రేమ్. దాని మీద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ షీట్లు, ఆ పైన సైడింగ్ పలకలు. నీళ్లు లోపల నిలిస్తే ఇంటిని మోసే చెక్కే పాడవుతుంది. బూజు పడితే ఆస్తమా ఉన్న పిల్లలకు ఇబ్బంది ఎక్కువ.

సైడింగ్ ఒక్కటే వానను పూర్తిగా ఆపదు. అతుకుల నుంచి, మేకుల దగ్గర నుంచి కొంత నీరు లోపలికి వస్తుంది. అందుకే అసలు పని పలకల వెనకాల ఉంటుంది.

1. హౌస్‌వ్రాప్: షీట్ల మీద టైవెక్ లాంటి హౌస్‌వ్రాప్ లేదా తారు ఫెల్ట్ పేపర్ చుడతారు. ఇది నీటిని ఆపుతుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. మామూలు ప్లాస్టిక్ షీట్ వేస్తే లోపలి తేమ అక్కడే చిక్కుకుంటుంది.

2. అతుకులు: కింద నుంచి పైకి, పెంకులు పేర్చినట్టు, పై వరస కింది వరస మీదికి రావాలి. ఫెల్ట్‌కైతే అడ్డం అతుకు దగ్గర కనీసం 2 అంగుళాలు, నిలువు అతుకు దగ్గర 6 అంగుళాలు ఒకదానిమీద ఒకటి ఉండాలి.

3. కిటికీలు: ఎక్కువ లీకులు ఇక్కడే. ఫ్లాషింగ్ ముందు కింద, తర్వాత పక్కలకు, చివర పైన వేయాలి. పైనున్న హౌస్‌వ్రాప్ ఆ ఫ్లాషింగ్ మీదికి రావాలి. వెనక్కి దూర్చితే నీరు నేరుగా గోడలోకే పోతుంది.

4. గాలి సందు: హౌస్‌వ్రాప్ మీద నిలువుగా సన్నని చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద సైడింగ్ బిగిస్తారు. దీన్నే రెయిన్‌స్క్రీన్ అంటారు. లోపలికి వచ్చిన నీరు కిందికి జారిపోతుంది, పలక వెనక వైపు కూడా ఆరుతుంది. పురుగులు దూరకుండా కింద జాలీ పెట్టాలి.

5. పలకలు: బిగించే ముందే వెనక వైపుకు, కోసిన అంచులకు కూడా ప్రైమర్ వేయాలి. దేవదారు జాతి చెక్కకు స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు మేలు. మామూలు ఇనుప మేకులతో నల్ల మరకలు పడతాయి. నేలకు, సైడింగ్‌కు మధ్య కనీసం 6 అంగుళాలు వదలాలి.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో కెనడాలోని వాంకోవర్ చూసింది. 1980, 90 దశకాల్లో అక్కడ కట్టిన ఎన్నో అపార్ట్‌మెంట్లలో గోడలోకి దిగిన వాన బయటికి పోలేక చెక్క కుళ్లింది. 1998లో మాజీ ప్రీమియర్ డేవ్ బారెట్ ఆధ్వర్యంలో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. అవి ఎక్కువగా స్టకో గోడలే అయినా పాఠం మాత్రం ఒకటే. కొన్నవాళ్లు లోన్ కడుతూనే రిపేర్లకు మళ్లీ అప్పు చేశారు.

అందుకే కాంట్రాక్టర్ కొటేషన్‌లో హౌస్‌వ్రాప్, ఫ్లాషింగ్, గాలి సందు వేర్వేరుగా రాయించుకోండి. రేటు తక్కువ చెబితే వీటిలో ఏది తీసేశాడో అడగండి. సైడింగ్ మూసే ముందు ప్రతి గోడకూ, ప్రతి కిటికీకీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఒకసారి పలకలు బిగించాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు.